మగ్గం మీది బట్టకు వెల

తమిళనాట తిరుత్తణి దగ్గరి పొదటూరుపేటలో మునిస్వామి ఇంట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. ధాన్యం గానీ వేరుశనగ గానీ కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనకూడదు, ‘లాభం’ అనాలి. రెండు, మూడు ఆ తర్వాత. ఇది ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉన్నదే. ఇంకోటి మాత్రం ఆ ఇంటికే సొంతం. మగ్గం మీదున్న బట్టకు వెల చెప్పకూడదు. కోసి, దించి, మడతపెట్టి, అమ్మవారి పటం ముందు ఒక మడత ఉంచి దండం పెట్టుకున్న తర్వాతే ఎన్ని గజాలు, ఎంత ధర అన్న మాట ఎత్తాలి.

ఒకప్పుడు వాళ్ళ నాయన మగ్గం మీది బట్టకు ముందే బేరం చెప్పి బయానా పుచ్చుకున్నాడట. ఆ వారమే వానకు కప్పు కారి, రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి దిగి, అంత బట్టా మసిగుడ్డకు కూడా పనికిరాకుండా పోయిందట. ఆయన కన్నుమూసేదాకా కొడుకులిద్దరికీ ఆ కథ చెబుతూనే ఉన్నాడు.

చిన్నవాడు ఎల్లప్ప ఆ మాటను పూర్తిగా నమ్మాడు. నాయన పోయాక ఇంటికి పెద్దయిన అన్న మునిస్వామి మాటను అంతకన్నా ఎక్కువ నమ్మాడు. మనిషి చెడిపోవడానికి ఒక్క గుడ్డి నమ్మకం చాలు. ఎల్లప్పకు రెండుండేవి.

వాళ్ళకు పది పవర్‌లూమ్ మగ్గాలు. నేసేది కైలీలు, అంటే గళ్ళ లుంగీలు. వ్యాపారం ఉమ్మడి కుటుంబం పేరు మీద నడిచేది, కుటుంబానికి కర్త మునిస్వామి. సంతకం ఆయనది, పెట్టె తాళం ఆయనది, మద్రాసు పోయి బేరాలు మాట్లాడేది ఆయన. పొద్దున లేస్తే మగ్గాల దగ్గర నూలు పోగులు ముడేసుకుంటూ, తెగిన బెల్టులు తగిలించుకుంటూ, తిరువళ్ళూరులో ఆడిటరు దగ్గరికి తిరుగుతూ ఉండేది ఎల్లప్ప. చేతికి డబ్బు కావాలంటే, పెళ్ళై పన్నెండేళ్ళయినా, చెప్పుల జతకు కూడా అన్నను అడగాలి. అడిగేవాడు. అందులో చిన్నతనం ఉందని అతనికి తోచలేదు. అతని భార్య వజ్రమ్మకు తోచింది కానీ ఆమెను అడిగిందెవరు?

ఎనభయ్యో సంవత్సరంలో గల్ఫుకు కైలీలు పంపే మద్రాసు వ్యాపారి ఒకడు మునిస్వామికి తగిలాడు. పెద్ద ఆర్డరు. మగ్గాలు పగలూ రాత్రీ ఆడాయి. ఆ ఉత్సాహంలో ఒకరోజు భోజనాల దగ్గర మునిస్వామి అందరూ వినేలా అన్నాడు.

“రేయ్ ఎల్లప్పా, ఈ ఆర్డరు ఒడ్డెక్కితే పడమటి పక్క షెడ్డు కట్టించి ఆరు మగ్గాలు ఏయిస్తా. అది నీ పేరు మీదే. నువ్వూ వజ్రమ్మా నడుపుకోండి.”

వజ్రమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఇంట్లో తమదని చెప్పుకోవడానికి ఆ దంపతులకు ఒక ఇత్తడి బిందె తప్ప ఏమీ లేదు. మర్నాడే ఎల్లప్ప పలుగు పట్టుకుని పునాది తవ్వడం మొదలుపెట్టాడు. కూలీలు వచ్చేదాకా ఆగలేకపోయాడు. దీపావళి నాటికి గోడలు ఛాతీ ఎత్తుకు లేచాయి. కప్పు రేకులకు, మగ్గాల బయానాకు పెట్టెలో డబ్బు విడిగా మూటకట్టి ఉంచాడు మునిస్వామి. సాయంత్రం పని దిగాక ఎల్లప్ప ఆ గోడల మధ్య నిలబడి, ఏ మగ్గం ఎక్కడ రావాలో కాలితో గీతలు గీసేవాడు.

ఇక టాక్సు సంగతి. సంవత్సరం అంతా అయిపోయాక లెక్క తేల్చి కట్టే టాక్సు గురించి అందరికీ తెలుసు. కానీ వ్యాపారం చేసేవాళ్ళు ఈ యేడు ఇంత వస్తుందని తామే అంచనా వేసి, ఆ సంవత్సరం నడుస్తుండగానే ముందుగా కట్టాలి. మునిస్వామి వాళ్ళకు వాయిదాలు మూడు, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి. మొదటి రెండూ కట్టారు. అయితే కిందటి యేడాది ఆదాయాన్నే అంచనాగా రాసి కట్టారు. నడుస్తున్న యేడాది ఆదాయం చూస్తే పరుగులు పెడుతోంది.

మార్చి మొదట్లో ఆడిటరు గోపాలన్ కబురు పంపాడు. ఎల్లప్ప బస్సులో తిరుత్తణి వచ్చి, రైలెక్కి తిరువళ్ళూరులో దిగాడు. స్టేషనుకు దగ్గరే, ఎరువుల కొట్టు మీద మేడగది గోపాలన్ ఆఫీసు. తమిళాయనే అయినా తన దగ్గరికొచ్చే వ్యాపారుల్లో సగం మంది తెలుగువాళ్ళు కావడంతో ఆయనకొక రకమైన తెలుగు వచ్చింది.

“ఇంగ పారు ఎల్లప్పా,” అన్నాడు బిల్లులు తిరగేస్తూ. “పోయినేటికి మూడింతలు వచ్చినాది. మీరు కట్టేది పాత కణక్కుకి, పోయినేటి లెక్కకి. మార్చి పదైదు లోపల కొత్త ఎస్టిమేటు రాసి, కడపటి వాయిదాలో తగ్గింది కట్టేయండి. ప్రాబ్లమే లేదు.”

“వచ్చేదంతా సరిగ్గా చెప్పాల్నా సార్? ఒక రూపాయి అటూ ఇటూ అయితే?”

“ఎవరప్పా అడిగినారు సరిగ్గా? అంచనా అంటే అంచనానే. ఆఖరికి తేలే టాక్సులో ముక్కాలు భాగం, నూటికి డెబ్బై అయిదు, ముందే కట్టి ఉంటే చాలు, వడ్డీ అడగరు. అంతకి తగ్గినాదా, ఏప్రిల్ ఒకటి నించి వాళ్ళు లెక్క తేల్చేదాకా నూటికి పన్నెండు వడ్డీ. ఆదాయం పెరిగింది తెలిసి కూడా కొత్త ఎస్టిమేటు ఇయ్యలేదని తోస్తే, దానిపైన ఫైను వేరే. చిన్న పని. ఒక సంతకం. మీ అన్నకి చెప్పు.”

ఎల్లప్పకు అర్థమైంది. ఇంత తేలిక విషయం అర్థం కాకపోవడానికి అతను మొద్దు కాడు. అర్థమైన దానితో ఏం చెయ్యాలో నిర్ణయించే హక్కే లేదు.

ఇంటికి వచ్చేసరికి మునిస్వామి అరుగు మీద తాంబూలం వేసుకుంటున్నాడు. అంతా విని ఉమ్మేసి నవ్వాడు.

“ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంట. మగ్గాల మీద బట్ట ఇంకా దిగనే లేదు. దానికి వెల రాసియ్యమంటాడా మీ ఆడిటరు? నాయన ఏం చెప్పినాడు?”

“అది నిజమే న్నా. దించి పంపించేసిన సరుకే మూడింతలయింది కదా. అంతవరకే రాసి ఇస్తే...”

“సగం చెప్పినా చెప్పినట్లేరా. దిష్టి సగం సగం తగలదు. నువ్వు మళ్ళా పో. యాపారం డల్లుగా ఉండాది, మద్రాసోడు సరుకు తిరగ్గొట్టేటట్టు ఉండాడు, పాత లెక్కే చాలునని చెప్పు.”

“అబద్ధం చెప్పల్లా న్నా?”

“నాయన మాట నిలబెట్టేదానికి చెప్పే అబద్ధం అబద్ధమేందిరా?”

ఎల్లప్ప మళ్ళీ బస్సెక్కాడు, మళ్ళీ రైలెక్కాడు. గోపాలన్ ఎదుట నిలబడి, అన్న చెప్పమన్నది చెప్పాడు. గోపాలన్ కళ్ళజోడు తీసి, “నిజమా?” అని ఒక్క మాట అడిగాడు. “నిజమే సార్,” అన్నాడు ఎల్లప్ప. తనకు మంచి చెప్పిన మనిషి మొహాన అబద్ధం చెప్పి మెట్లు దిగుతుంటే సిగ్గేసింది. అయినా నాయన మాట నిలబెట్టానన్న తృప్తి కూడా ఉండింది. వెర్రివాడి తృప్తి అది.

మార్చి పదిహేను వచ్చింది, పోయింది. ఏప్రిల్ నడుమ చిత్తిర నెల పుట్టగానే ఇంట్లో పాయసం వండారు. పళ్ళిపట్టు దగ్గర బావితో సహా మూడెకరాల పొలాన్ని చెంగమ్మకు, అంటే మునిస్వామి భార్యకు, ఆమె పుట్టింటివాళ్ళు ప్రేమగా ఇచ్చారని చెప్పారు. ఆ రాత్రి వజ్రమ్మ గిన్నెలు తోముతూ గొణిగింది.

“ఎన్నడూ రైకగుడ్డ పెట్టనోళ్ళు, ఈ పొద్దు పొలం పెట్టినారా?”

“నోరు ముయ్యి,” అన్నాడు ఎల్లప్ప. “ఇంటి పెద్దల్ని అనుమానిస్తే కండ్లు పోతాయి.”

తేలిన అసలు టాక్సు ఆ యేడాదే అప్పోసప్పో చేసి కట్టారు. అంతటితో పీడ వదిలిందనుకున్నారు. షెడ్డు గోడలు ఛాతీ ఎత్తులోనే ఉన్నాయి. అప్పు తీరాక కప్పు వేద్దామన్నాడు మునిస్వామి. కప్పు డబ్బు మాత్రం మూటలో భద్రంగా ఉంది.

ఆ మరుసటి సంవత్సరం ఆఫీసు వాళ్ళు లెక్క తేల్చారు. ముందుగా కట్టింది ముప్పావు వంతు మాట దేవుడెరుగు, మూడో వంతు కూడా లేదు. వడ్డీ వేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆదాయం పెరిగిందని తెలిసీ కొత్త అంచనా ఇవ్వనందుకు ఫైను ఎందుకు వేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది.

“నాకు ఒంట్లో బాగలేదు. నువ్వు పో,” అన్నాడు మునిస్వామి. సంతకాలకు కర్త, ముడ్డి మీద దెబ్బలకు తమ్ముడు.

విచారణకు గోపాలన్ వెంట వచ్చాడు. దారిపొడుగునా ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. ఆఫీసరు నడివయసు మనిషి, తెలుగు తెలిసినవాడు. ఫిబ్రవరి బిల్లులు ముందు పెట్టుకుని, “అప్పటికే ఇంత ఆదాయం చేతికొచ్చింది. మార్చిలో ఎందుకు రాసివ్వలేదు?” అని అడిగాడు. ఎల్లప్ప చేతులు కట్టుకుని నాయన కథంతా చెప్పాడు. కారిన కప్పు, కలిసిపోయిన రంగులు, దిష్టి, అన్నీ. ఆఫీసరు నవ్వలేదు. చివరిదాకా విన్నాడు.

“సరే. ఈ ఆర్డరుకు మద్రాసు వ్యాపారితో ధర ఎప్పుడు మాట్లాడుకున్నారు?”

“జూన్ నెల్లో సార్. మా అన్నే పోయి మాట్లాడుకోనొచ్చినాడు.”

“అప్పటికి బట్ట మగ్గం మీదకు కూడా ఎక్కలేదు కదా?”

ఎల్లప్ప వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. నిజమే. నూలు కొనకముందే వెల చెప్పి, బయానా పట్టుకొచ్చాడు అన్న. ఆ బయానా నోట్లు లెక్కపెట్టి పెట్టెలో సర్దింది తనే. ఇన్నేళ్ళూ ప్రతి ఆర్డరుకూ జరిగేది అదే. అది తనకు ఎందుకు తట్టలేదు? ఆ ప్రశ్న కాలిలో ముల్లులా గుచ్చుకుని ఇంటిదాకా వచ్చింది.

వడ్డీ తగ్గించలేదు, ఫైనూ పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటూ గోపాలన్ అప్పీలుకు కూడా ఆశ చెప్పలేదు. ఆ రోజు మునిస్వామి పెట్టె తెరిచి, కప్పు రేకులకు దాచిన మూట తీసి ఎల్లప్ప చేతిలోనే పెట్టాడు.

“ఇది పోయి కట్టేసిరా. షెడ్డు యాడికి పోతాదిరా, గోడలుండాయి కదా. ఇంకో ఆర్డరు రాకపోతాదా?”

అన్న మొహంలో దిగులు చూసి ఎల్లప్పే ఓదార్చాడు. “పోతే పోయిందిలే న్నా. నాయన మాటైతే తప్పలేదు మనం.” తన షెడ్డు మూటను తన చేతులతోనే తీసుకుపోయి బ్యాంకులో కట్టి వచ్చాడు. వజ్రమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తెలియని బాధకు మందు అక్కర్లేదు. కానీ ఆ మాసి నెలలో, అంటే మార్చి మొదట్లో, నూలు మూటలతో తిరుత్తణి బస్టాండులో నిలబడి ఉంటే, పళ్ళిపట్టు బస్సు దిగిన ముసలాయన ఒకడు పలకరించాడు.

“నువ్వు పొదటూరుపేట మునిస్వామి తమ్ముడివి కాదా? నేను తిరుమలయ్యను. మీ పొలం నాదే కదా ముందు.”

“మా వదినోళ్ళ పుట్టింటి పొలం కదా పెద్దాయనా అది?”

“ఏ పుట్టిల్లు? మూడెకరాలూ బాయీ నేనే అమ్మితిని, మీ అన్నే కొనె. ఆడమనిషి పేరు మీద రాయమంటే రాసిస్తి.” ముసలాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. “మాట మీద నిలబడే మనిషబ్బా మీ అన్న. రెండేండ్ల కింద ఇట్లే మాసి నెల్లో వచ్చి బయానా ఇచ్చినాడు. మిగిలింది యాడ తెస్తావు అని అడిగితి. దించిన సరుకుకి ఇంత వస్తాది, మగ్గాల మీద ఉండేదానికి ఇంత, టాక్సుకని ఇప్పుడు ఎత్తిచ్చేది లేదు కాబట్టి అదొక ఇంత, చిత్తిర పుట్టేసరికి ముప్పై వేలు నీ చేతిలో పెడతా అని వేళ్ళు మడిచి చెప్పినాడు. రూపాయి తప్పలేదు చూడు!”

ఎల్లప్పకు బస్టాండు గోల వినపడటం మానేసింది. మాసి నెల అంటే ఆడిటరు దగ్గరికి తనను అబద్ధం చెప్పమని పంపిన నెల. మగ్గం మీది బట్టకు వెల చెప్పకూడదని తనతో అన్న నోరే, అదే నెలలో, ఊరు గాని ఊరివాడికి మగ్గాల మీది బట్టకు వెల కట్టి చెప్పింది. ఆడిటరు వేసిన అంచనా కన్నా నికార్సయిన అంచనా. టాక్సుకు కట్టాల్సిన డబ్బు పొలం అయింది, పొలం వదినదైంది, ఆలస్యానికి పడిన వడ్డీ, ఫైనూ తన షెడ్డును మింగాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఇంటి దేవుణ్ణే కాపలా పెట్టుకుని దోచాడు.

డబ్బు కోసం కాదు అతనికి ఏడుపొచ్చింది. అన్న అడిగి ఉంటే ఇచ్చేవాడు. ‘పొలం కొనుక్కుంటానురా, షెడ్డు తర్వాత చూద్దాం’ అంటే సరేననేవాడు. నాయనను ఎందుకు అడ్డం పెట్టుకోవాలి? చచ్చిపోయిన మనిషి మాటను కూడా తన అవసరానికి వాడుకున్నాడే!

ఇంటికొచ్చి వజ్రమ్మకు చెప్పాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “నాకు పాయసం తిన్ననాడే తెలుసు,” అంది. “నీకు తెలిసేదానికి రెండేండ్లు పట్టింది. ఇప్పుడేం చేస్తావు?”

ఆ వారంలోనే పొలంలో వేరుశనగ పీకారు. పంట విరగకాసింది. ఎండిన కాయను బండ్ల మీద తెచ్చి ఎక్కడ పోశారంటే, ఎల్లప్ప షెడ్డులో. నాలుగు గోడలున్నాయి, పశువులు రావు, పైన ఎండ తగులుతుంది, ఇంతకన్నా మంచి కల్లం ఏముంటుందని మునిస్వామి మురిసిపోయాడు. ఎల్లప్ప కాలితో గీసిన మగ్గాల గీతల మీద వేరుశనగ రాశి పడింది.

కొలిచే రోజు ఉదయం రాశికి కర్పూరం వెలిగించారు. కూలీలు బస్తాలు పట్టుకుని నిలబడ్డారు. చెంగమ్మ కొత్త చీర కట్టుకుని గోడ పక్కన కూర్చుంది. మునిస్వామి ఇత్తడి పట్టీల మరక్కాలు, నాయన కాలం నాటి కొలపాత్ర, తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

“నీ చెయ్యి మంచిదిరా ఎల్లప్పా. మొదటి కొలత నువ్వే పొయ్యి.”

ఎల్లప్ప వంగి మరక్కాలు నిండా ముంచాడు. అరచేత్తో పైన కాయను సరిచేశాడు. బస్తాలో పోశాడు.

“ఒకటి,” అన్నాడు.

కర్పూరం పళ్ళెం పట్టుకున్న చెంగమ్మ చెయ్యి ఆగిపోయింది. కూలీలు మొహమొహాలు చూసుకున్నారు.

“లాభం అనరా!” అన్నాడు మునిస్వామి. “పొద్దున్నే నీకేం పుట్టింది? నాయన నేర్పింది మరిచిపోయినావా?”

“మరవలేదు న్నా. నేనొక్కణ్ణే మరవలేదు.” ఎల్లప్ప గొంతు పెరగలేదు. “మొన్న తిరుత్తణిలో తిరుమలయ్య కనిపించినాడు. మగ్గాల మీది బట్టకి నువ్వు వేళ్ళు మడిచి వెల చెప్పినావంట కదా, రూపాయి తప్పకుండా. అదే నెల నన్ను ఆడిటరు దగ్గరికి పంపిస్తివి.”

మునిస్వామి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “కూలోళ్ళ ముందర ఎందుకురా ఇవన్నీ? ఇంట్లోకి పోయి మాట్లాడుకుందాం రా,” అన్నాడు. తప్పు చేసినందుకు కాదు, నలుగురూ విన్నందుకు ఆ గొంతు తగ్గింది. అది గమనించాకే ఎల్లప్పకు అన్న మీద మిగిలిన చివరి ఆశ పోయింది. ఒక్కసారి ‘తప్పయిందిరా’ అని ఉంటే, ఆ వెర్రివాడు ఆ క్షణంలో కూడా ‘లాభం’ అనేసి ఉండేవాడు.

“రెండు,” అన్నాడు.

మునిస్వామి తువ్వాలు భుజాన వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే చెంగమ్మ పోయింది. కర్పూరం పళ్ళెం గోడ మీద ఉండిపోయింది. బస్తా మూతి పట్టుకునే కూలీ ఎటు నిలబడాలో తెలియక వెనక్కి జరిగితే, వజ్రమ్మ వంటింట్లోంచి వచ్చి బస్తా మూతి విప్పి పట్టుకుంది. ఎల్లప్ప పోస్తూ, పోసిన ప్రతి మరక్కాలునూ పైకి చెబుతూ, రాశి అంతా కొలిచాడు.

చివరి బస్తా కుట్టాక కూలీ మెల్లగా అడిగాడు. “ఇవి యాడికి మొయ్యాల చిన్నయ్యా?”

“పొలం ఎవరి పేరు మీద ఉండాదో వాళ్ళింట్లోకే మొయ్యండి.”

బస్తాలు ఒకటొకటే కదిలిపోయాయి. షెడ్డు ఖాళీ అయింది. వజ్రమ్మ చీపురు తెచ్చి, రాలిన కాయలూ పొట్టూ ఊడ్చి ఒక మూలకు చేర్చింది. కింద నేల బయటపడింది కానీ అతను గీసిన గీతలు కాయ కింద అరిగిపోయాయి. ఎల్లప్ప వెతికి చూశాడు, ఏ మగ్గం ఎక్కడ పెట్టాలనుకున్నాడో గుర్తు దొరకలేదు.